హాకీ స్టిక్ గురించి నేను నేర్పిన తప్పు

సౌదీలోని అల్ ఖోబర్‌లో ఆటసామాన్ల షాపులో నేను తొమ్మిదేళ్లు పనిచేశాను. విదేశీయుల కాంపౌండుల్లో ఉండే కెనడా ఇంజనీర్ల కుటుంబాలు చక్రాల బూట్లు వేసుకుని సిమెంటు నేలమీద హాకీ ఆడేవి. వాళ్లకు స్టిక్కులు ఎంచిపెట్టేది నేనే. అడుగున ఉండే పలకకు ఎంత వంపు కావాలి, కర్రకూ పలకకూ మధ్య కోణం, అదే వాళ్లు నంబర్లతో చెప్పే 'లై', ఎంత ఉండాలి అన్నది మనిషి వంగి నిలబడే తీరు చూసి చెప్పేసేవాణ్ణి. జగిత్యాలలో ఇళ్లు కట్టే సుతారి పని తప్ప ఎరగనివాణ్ణి. అరిగిన స్టిక్కులు చూసి చూసి ఈ విద్య పట్టుకున్నాను.

నితాకత్ రూలు వచ్చాక షాపు సర్కారు రెడ్ లిస్టులో పడింది. సౌదీవాళ్లను పెట్టుకోకపోతే మమ్మల్ని అక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డులు రెన్యువల్ కావు. షాపు యజమాని అయిన కఫీల్ తన చుట్టాన్నొకణ్ణి తెచ్చి కౌంటర్లో కూర్చోబెట్టాడు. ముప్పయ్యేళ్లు దాటిన మనిషి. మొదటిరోజే నా కుర్చీ లాక్కుని, నన్ను వేలితో పిలిచాడు.

మా మేనేజరు కడప ఆయన. "నీకు తెలిసిందంతా ఆయప్పకు నేర్పిచ్చు. ఇంగ ఆయప్పే చూసుకోవాల" అన్నాడు.

"నేర్పినంక నేనేం జెయ్యాలె సార్?"

కంప్యూటర్ లోంచి తలెత్తలేదు. "బయటోళ్లకు కట్టే లెవీ పెరిగిండాది. ఎగ్జిట్ కొట్టి ఊరికి పంపిస్తారు."

ఇద్దరికీ వచ్చిన కాస్త హిందీలో నేర్పాను. వంపు గురించి నిజమే చెప్పాను. లై దగ్గరికొచ్చేసరికి అబద్ధమాడాను. పలకకు చుట్టిన టేపు ముందుకొన దగ్గర అరిగితే ఆ మనిషికి పెద్ద నంబరు కావాలి, పలక మడమ దగ్గర, అంటే కర్ర కలిసేచోట అరిగితే చిన్నది. నేను రెండూ తిరగేసి చెప్పాను. అతను నా మాటలు ఫోన్‌లో రికార్డు చేసుకున్నాడు.

కొన్నాళ్లకు ఒక కెనడా ఆవిడ మణికట్టుకు పట్టీతో వచ్చి, అతను అమ్మిన స్టిక్కును కౌంటర్ మీద విసిరికొట్టింది. కొన ఒక్కటే నేలకు తగులుతోందనీ, అది పట్టేసి తను పడిపోయాననీ కేకలేసింది. అతని ముఖం కందిపోయింది. నేను బూట్లు సర్దుతూ లోలోపల సంబరపడ్డాను. ఆ పట్టీ వంక మాత్రం చూడలేదు.

ఆవిడ వెళ్లాక అతను ఒక్కో స్టిక్కూ తీసి నిలబడి, పలక మడమ కింద కాగితం జొనిపి చూసుకున్నాడు. సాయంత్రం అసర్ నమాజుకల్లా విషయం తేల్చుకుని, నా ముందుకొచ్చి ఫోన్ నొక్కాడు. నా గొంతే. నా అబద్ధమే.

"ఎందుకు?" అన్నాడు హిందీలో.

"నా పని నీకెందుకియ్యాలెరా?" అన్నాను. తెలుగు అతనికి అర్థం కాలేదు, కోపం అర్థమైంది. మర్నాడు ఆవిడను పిలిపించి, నా కళ్లముందే సరైన స్టిక్ ఇచ్చాడు.

ఫైనల్ ఎగ్జిట్ కాగితం నా చేతికిస్తూ మేనేజరు అన్నాడు: "దమ్మామ్‌లో ఇంగో షాపుకు నీ కఫాలా మార్పిచ్చి ఆడ పనిలో పెట్టియ్యాలని మాట్లాడినా. నువ్వు చేసిన పని ఆయప్ప చెప్పినాక, ఏ నోటితో అడగాల?"

ఎయిర్‌పోర్టు దాకా వాళ్లిద్దర్నీ తిట్టుకుంటూనే ఉన్నాను. ఇప్పటికీ వాళ్లమీద మంట చల్లారలేదు. ఆ ఆవిడకు మాత్రం క్షమాపణ చెప్పి రావాల్సింది.