పిస్టన్ల పెట్టె

కనిగిరి నుంచి గుంటూరు వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్న మెకానిక్ ఒళ్లో కొత్త పిస్టన్ల పెట్టె ఉంది.

“చిన్న కారు ఇంజనమ్మా, నాలుగే సిలిండర్లు. టర్బోతో గాలి దట్టించి నాలుగొందల హార్స్‌పవర్ లాగాలని నా పిచ్చి. రెండుసార్లు పిస్టన్లు కరిగిపోయాయండి. ఇవీ పోతే ఇంక వదిలేస్తా. ఏమైందని అడిగేవాళ్లు కూడా లేరు,” అన్నాడు.

మిర్చి కళ్లాలు దాటాక నేను క్యారేజీ విప్పి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నాను. తెరిచేసరికి అన్నం పక్కన ఆ పెట్టె కూడా నా ఒళ్లో ఉంది.

“దీనిక్కూడా కలిపి చెప్పండమ్మా,” అన్నాడు.

మళ్లీ కళ్లు మూసుకున్నాను.

ఆ ఇంజన్ నిలిచిందో లేదో నాకు తెలియదు. ఇంట్లో ఒక్కదాన్నే కంచం ముందు కూర్చున్నప్పుడల్లా దాని కోసం దేవుణ్ని అడుగుతూనే ఉన్నాను. ‘ఇతని కోసం’ అని ప్రార్థించుకోవడానికి నాకూ ఒక మనిషిని ఇచ్చినందుకు ఆయనకు స్తోత్రం.