మ్యాగజీన్ కింద రబ్బరు ఉంగరం

ఐడహోలో స్కూలు బస్సు నడిపే వెర్నా హాల్వర్సన్‌కు వేళ్ల కీళ్లు పట్టేస్తాయి. అందుకే తన రైఫిల్‌కు తూటాలందించే డబ్బాలకు, అంటే మ్యాగజీన్లన్నిటికీ, అడుగున రబ్బరు ఉంగరాలు తగిలించింది. వేలు దూర్చి లాగితే చాలు, నడుముకున్న సంచీలోంచి ఊడి వస్తాయి. బస్సు ఎర్రదీపం దగ్గర ఆగినా సాధన కోసం ఆమె వేలు గాలిలో లాగుతూనే ఉంటుంది.

ఆదివారం, అడ్డంకులు దాటుతూ ఇనుప పలకలను కాల్చే పోటీలో ఆమె చెక్క అడ్డు కింద పాకుతుంటే ఉంగరం మేకుకు తగులుకుని, ఆఖరి మ్యాగజీన్ ఎగిరి బురదలో కూరుకుపోయింది.

“చెప్తే విన్నావా? ఆ ఉంగరాలు కొంప ముంచుతాయని!” అరిచాడు ప్రత్యర్థి క్లెటస్.

బురదపైన ఉంగరమొక్కటే కనిపిస్తోంది. వేలు దూర్చింది, లాగింది, విదిలించింది, తుపాకీకి తగిలించి చివరి ఇనుప పలకను ఠంగుమనిపించింది.

క్లెటసే గెలిచాడు. అయినా ముఖమంతా బురదతో వెర్నా ఎగిరి గంతేసింది.

“పడేసిందీ అదే, తీసిచ్చిందీ అదే! మా ఆయనకన్నా నయం కదరా, ఆయనకు పడేయడమొక్కటే వచ్చు!”