బాబాయి లాల్చీ ప్రదర్శన

ఆ రోజుల్లో ఆర్టు కాలేజీ నుంచి కొత్తగా బయటపడ్డవాడు గడ్డం పెంచాలి, ఎవరికీ అర్థంకాని మాటలు మాట్లాడాలి. నేను రెండూ శ్రద్ధగా చేసేవాణ్ణి. గుడివాడలో ఒక కల్యాణమండపం ఖాళీగా దొరికితే 'ముసుగులు' అని ప్రదర్శన పెట్టాను. అందులో మనుషులుండరు, బట్టలే ఉంటాయి. ఆ బట్టలు తొడుక్కున్నవాళ్ళ గురించి లోకం అనే మాటలు వాటి మీద రాసి ఉంటాయి. (దీన్ని ఇంత సులువుగా చెప్పొచ్చని అప్పట్లో నాకు తెలియదు.) ఆ ఏడాదే మా బాబాయి పోయాడు. ఊళ్ళో పెద్దమనిషి, తెల్ల లాల్చీ లేకుండా గుమ్మం దిగి ఎరగడు. ఒక లాల్చీ ఇమ్మని పిన్నిని అడిగాను.

"దేనికిరా?"

"సామాజిక ముసుగుల మీద పిన్నీ."

"ఆయనకి ముసుగెందుకురా, చలికాలంలో కూడా ఫ్యాను కావాలనేవాడు" అంటూనే గంజి పెట్టి, ఇస్త్రీ చేసి మరీ ఇచ్చింది.

దాన్ని హాలు మధ్యలో వేలాడదీసి, పెద్దకర్మ రోజు విన్న మాటలన్నీ నల్లరంగుతో రాశాను: ధర్మప్రభువు, వెన్నలాంటి మనసు, దేవుడు. చూసినవాళ్ళు ఉలిక్కిపడతారనుకున్నాను. వాళ్ళు చెప్పులు విప్పారు. బాబాయి స్నేహితుడు, రైసుమిల్లు ఆయన, చామంతి దండ తెప్పించి హ్యాంగరుకి వేశాడు. మధ్యాహ్నానికి నా ఆధునిక కళ సంతాపసభ అయి కూర్చుంది.

సాయంత్రం పిన్ని వచ్చింది. ఏడుస్తుందేమోనని పక్కనే నిలబడ్డాను. ఆవిడ ఒక్కో మాటా చదివి, లాల్చీ అంచు ఎత్తి లోపలికి చూసింది.

"లోపలివైపు ఏం రాయలేదేంరా?"

నాకు అర్థంకాలేదు.

"గంజి తగ్గితే దీన్నే తడిపి, మెలిపెట్టి, దాంతో నన్ను కొట్టేవాడు. నేను మోచేతులదాకా జాకెట్లు తొడిగింది అందుకే. పద్ధతైన మనిషినని మీరంతా మెచ్చుకునేవారు" అంది, కూరలో ఉప్పు తగ్గిందన్నంత మామూలుగా.

పొద్దుటినుంచీ ముసుగుల మీద ఉపన్యాసాలిస్తున్న నేను ఆ అంచు ఎత్తి లోపలికి చూశాను. అంతలో రైసుమిల్లు ఆయన దగ్గరికొచ్చి, "అలాంటి మనిషి మళ్ళీ పుట్టడమ్మా" అన్నాడు.

"పుట్టకూడదనే రోజూ దణ్ణం పెట్టుకుంటున్నానండీ" అంది పిన్ని.

"ఆయనకి మోక్షం కోరుతున్నారు. ఇల్లాలంటే మీరమ్మా" అని ఆయన కళ్ళు తుడుచుకున్నాడు.

పిన్ని నావైపు చూసింది. ఇద్దరం గోడవైపు తిరిగి నవ్వు ఆపుకున్నాం. ఆవిడ కళ్ళలో నీళ్ళు అప్పుడొచ్చాయి. నవ్వుకేనా అని నేను అడగలేదు.

ఇప్పుడు పిన్ని లేదు. నేను ఇంకా బొమ్మలు వేస్తూనే ఉన్నాను. ఎవరైనా కొత్త చిత్రకారుడు వచ్చి, సమాజం తొడుక్కున్న ముసుగుల గురించి గంభీరంగా మొదలుపెడితే, ముందు మీ ఇంట్లో ఎవరెవరుంటారని అడుగుతాను. ముసలాడికి మతి పోయిందన్నట్టు జాలిగా చూస్తాడు. ఆ వయసులో నేనైనా అలాగే చూసేవాణ్ణి.