మంత్రిగారి రాజీనామా, మా ఆయన వీపు

మా ఆయన సభలకు మైకులు కట్టేవారు. అసలు పేరు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ, అందరికీ ఆయన మైకే. మా తమ్ముడు ‘మైకు బావ’ అనేవాడు. పెళ్లయిన కొత్తలో నేను బజారుకు వెళ్తే ‘మైకుగారి భార్య’ అని స్టూలు వేసి కూర్చోబెట్టేవారు. ఆయనకు మనుషుల మొహాలు గుర్తుండేవి కావు, గొంతులు గుర్తుండేవి. మెట్ల మీద ఎవరైనా దగ్గితే చాలు, ఫలానావాడొస్తున్నాడు, టీ పెట్టు అనేవారు.

తర్వాత మంత్రి అయినాయన అప్పట్లో కుర్రాడు. సన్నగా ఉండేవాడు, మాట వెనక వరుసదాకా వచ్చేది కాదు. మైకుకు ఎంత ఎడంగా నిలబడాలో, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో చెప్పింది మా ఆయనే. “అన్నా, నువ్వు మీట తిప్పితేగాని నా నోట మాట రాదు” అనేవాడట ఆ కుర్రాడు. ఆ మాట మా ఆయన నాకు ఎన్నిసార్లు చెప్పారో.

ఒక సభకు ముందు, స్తంభం మీద లౌడ్‌స్పీకరు హారన్ బిగిస్తూ కింద పడ్డారు. వెన్ను విరిగింది. నడుము నుంచి కిందికి ఒళ్లు ఆయనది కాకుండా పోయింది. చేతులు మాత్రం మునుపటిలాగే ఉన్నాయి. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరు నన్ను పక్కకు పిలిచి చెప్పింది, “ఈయనకు నొప్పి తెలియదమ్మా, అదే ప్రమాదం. ఒకే పక్క పడుకుంటే వీపు పుండుపడి చీకిపోతుంది, ఈయనకు తెలియను కూడా తెలియదు. ఎత్తి తిప్పుతూ ఉండాలి.”

ఆయన ఆజానుబాహువు. నేను ఆయన భుజం కిందికి వస్తాను. వికలాంగుల పింఛనుతో పాటు సాయం మనిషి కోసం సర్కారు విడిగా ఇచ్చేది. దానితో ఒక మనిషిని పెట్టుకున్నాం. ఎప్పుడో ఆసుపత్రిలో వార్డుబాయ్‌గా చేశాడు కాబట్టి, నెత్తి నెరిసినా అందరూ అతన్ని వార్డుబాయ్ అనే అనేవారు. పొద్దున్నే వచ్చి ఆయన్ను చంటిపిల్లాడిలా ఎత్తి, వీపు తుడిచి, పౌడరు వేసి, కుర్చీలో కూర్చోబెట్టేవాడు. సాయంత్రం దాకా తిప్పడం, లేపడం అతని పనే. రాత్రిళ్లు దిండ్లు మారుస్తూ నేను నెట్టుకొచ్చేదాన్ని. అలా గడిచినన్నాళ్లు ఆయన వీపు మీద చిన్న గీత లేదు.

తర్వాత సర్కారు పింఛన్లలో కోతలు మొదలయ్యాయి. పింఛను తీసుకునేవాళ్లందరినీ మళ్లీ పరీక్ష చేయాలన్నారు. మమ్మల్ని ఒక పెద్ద హాలుకు రమ్మన్నారు. కర్రలవాళ్లు, కుర్చీలవాళ్లు, చూపులేనివాళ్లు, నేల ఈనినట్టు జనం. అక్కడ పేర్లు పిలిచే మైకు ఒకటే కీచుమని అరుస్తోంది. ఎవరి పేరు ఎవరికీ వినబడటం లేదు. ఆయనకు ఉండబట్టలేదు.

“ఇదిగో, నన్ను ఆ మైకు బల్ల దగ్గరకు తొయ్యి.”

“మనకెందుకండీ, మన పేరు వచ్చేదాకా ఊరుకోండి.”

“పేరు వినబడితే కదా రావడానికి.”

వార్డుబాయ్ తోసుకెళ్లాడు. ఆయన స్పీకరు పెట్టెను మైకుకు ఎదురుగా లేకుండా అటు తిప్పించారు. యాంప్లిఫయర్ ఒళ్లో పెట్టుకుని, ఊడిన వైరు పంటితో ఒలిచి మెలేశారు, ఏవో మీటలు తగ్గించారు. అరుపు ఆగిపోయింది. హాలంతా చప్పట్లు కొట్టింది. పరీక్ష చేసే అధికారులు కూడా లేచి చూశారు. పడిపోయిన తర్వాత ఆయన మొహంలో ఆ వెలుగు నేను చూడటం అదే.

మా వంతు వచ్చేసరికి ఆ అధికారులు ఎక్కువ అడగనే లేదు. కూర్చుని పని చేసుకోగలడు, సాయం మనిషి అక్కర్లేదు అని తేల్చారు. కాళ్లు చూడలేదు, వీపు చూడలేదు. చేతులు చూశారు.

తమ్ముడు విని తల పట్టుకున్నాడు. సర్కారు నడిపే మంత్రిగారి పార్టీలోనే వాడు వార్డు కార్యదర్శి. “బావా, నీ నోరే ఊరుకోదనుకున్నాను, చేతులు కూడా ఊరుకోవా?” అన్నాడు. ఆయన నవ్వారు. నాకు నవ్వు రాలేదు. వార్డుబాయ్ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, “అమ్మా, కొన్నాళ్లు చూద్దాం, నేనెక్కడికీ పోను” అన్నాడు.

అప్పటికే పార్టీ రెండుగా చీలింది. కోతలు తప్పవని అధినేత వైపువాళ్లు, ఇది పాపమని మంత్రిగారి వైపువాళ్లు. మా ఇంట్లో కూడా అంతే. తమ్ముడు అధినేత మనిషి. వాడొచ్చినప్పుడల్లా ఇద్దరూ వాదించుకునేవారు.

“ఖజానా ఖాళీ అయితే పార్టీ ఏం చేస్తుంది బావా?”

“నా వీపు కింద దొరుకుతుందేమో వెతుక్కోమను.”

ఒక సాయంత్రం టీవీలో మంత్రిగారు కనిపించారు. ఈ కోతలకు తలూపి ఆ కుర్చీలో కూర్చోలేనని రాజీనామా చేశారు. మా ఆయన నన్ను మాట్లాడనివ్వలేదు. కళ్లు మూసుకుని విన్నారు. “జీర వచ్చింది చూడు గొంతులో. ఉత్త మాటలైతే అక్కడ జీర రాదు. నిజంగానే అంటున్నాడు” అన్నారు. వీధిలోవాళ్లు మా ఇంటికొచ్చి, మీవాడు మీకోసం కుర్చీ వదిలేశాడని సంతోషంగా చెప్పారు. సాయం డబ్బు పరీక్షప్పుడే ఆపేసినా, అన్నీ వెనక్కి తీసుకుంటారని వార్డుబాయ్ కూడా జీతం లేకుండానే రావడం మొదలుపెట్టాడు. నేనూ నమ్మాను. ఆ వారమంతా మా ఇల్లు పెళ్లివారిల్లులా ఉంది.

మంత్రిగారి వెనక నడుస్తామన్నవాళ్లలో సగంమంది నడవలేదు. కొందరికి పదవులొచ్చాయి, కొందరికి భయమొచ్చింది. మంత్రిగారు సర్కారులో ఉన్నప్పుడు ఏదో వంకతో వాయిదా పడుతున్న, కోతలను ఖాయం చేసే ఉత్తర్వు, ఆయన బయటికి రాగానే చడీచప్పుడు లేకుండా జారీ అయిపోయింది. కాదనడానికి అక్కడ మనిషి లేడు. టీవీలో ఆ కబురు చెప్పినప్పుడు మా ఆయన దాన్ని కట్టేయమన్నారు. మళ్లీ పెట్టమనలేదు.

వార్డుబాయ్ ఎన్నాళ్లని ఊరికే వస్తాడు. అతనికీ ఇల్లుంది. దూరాన ఏదో ఆసుపత్రిలో పని దొరికింది. వెళ్లే రోజు దుప్పటి ఎలా లాగితే మనిషి పక్కకు ఒరుగుతాడో నాచేత చేయించి చూశాడు. నావల్ల కాలేదు. మళ్లీ చేయించాడు. కాలేదు. “వస్తుందమ్మా, అలవాటైతే వస్తుంది” అని నా మొహం చూడకుండా వెళ్లిపోయాడు.

రాలేదు. మోకాలు మంచానికి తన్నిపెట్టి లాగేదాన్ని. సగం ఒరిగి మళ్లీ వెల్లకిలా పడేవారు. పక్కింటివాళ్లను పిలిచేదాన్ని. మొదట్లో వచ్చారు. తర్వాత నేను పిలిచే వేళకు తలుపులు వేసి ఉండేవి. వాళ్లను ఏమనను, ఎవరి బతుకు వాళ్లది. ముందు ఎర్రగా కందింది. తర్వాత తోలు లేచింది. ఆయనేమో, “ఏమోయ్, ఏదో వాసన వస్తోంది, ఎలుక చచ్చిందేమో చూడు” అనేవారు. నేను మంచం కిందికి వంగి వెతికినట్టు చేసేదాన్ని.

అలాంటప్పుడు మంత్రిగారి మనిషొకాయన వచ్చాడు, లావుపాటి కళ్లజోడు. పెద్ద సభ పెడుతున్నామని, మా ఆయన్ను కుర్చీలో వేదిక మీదికి తీసుకెళ్తామని చెప్పాడు. “మంత్రిగారు మిమ్మల్ని మరిచిపోలేదండీ. మీరు రెండు ముక్కలు మాట్లాడితే చాలు.” ఆ కబురు ఎలా తెలిసిందో, తమ్ముడూ వెనకాలే దిగాడు.

“మా బావను బజారుకీడుస్తారా? పార్టీ పరువు తీయడానికి మీకు ఈయనే దొరికాడా?”

“పరువు ఉంటేగా తీయడానికి. ఆయన్నే అడుగుదాం ఉండండి.”

మంచానికి అటొకరు, ఇటొకరు. మధ్యలో మా ఆయన ఒకసారి ఈ గొంతు వైపు, ఒకసారి ఆ గొంతు వైపు తల తిప్పుతున్నారు. “వస్తాను. ఇన్నాళ్లూ వాళ్లకూ వీళ్లకూ మైకు పట్టాను, ఒక్కసారి నేనూ మాట్లాడతాను” అన్నారు. తమ్ముడు మళ్లీ అందుకున్నాడు. కళ్లజోడాయన ఇంకా గట్టిగా అందుకున్నాడు.

నేను మగవాళ్ల మాటల్లో ఎప్పుడూ కల్పించుకోను. ఆ రోజు వాళ్లిద్దరి మధ్యకు వెళ్లాను. “బాబూ, మీరు ఆ పక్క పట్టుకోండి. ఒరేయ్ తమ్ముడూ, నువ్వు ఈ పక్క. ముందు ఈయన్ను తిప్పండి” అన్నాను.

పట్టుకున్నారు. చేతకాక ఒకరి చేతులు ఒకరికి తగిలించుకుంటూ ఎలాగో పక్కకు తిప్పారు. నేను చొక్కా ఎత్తి, గుడ్డ తీశాను. లోపల ఎముక తెల్లగా కనబడుతోంది. కళ్లజోడాయన జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు. తమ్ముడు, “అక్కా, నాకెందుకు చెప్పలేదే” అన్నాడు. వాడు ప్రతి వారం వచ్చేవాడు, ఆ మంచం పక్కనే కూర్చునేవాడు.

“ఏమైందిరా?” అన్నారు ఆయన, గోడ వైపు మొహం పెట్టుకుని. ఎవరూ పలకలేదు. ఆయన గొంతులు ఎరిగిన మనిషి. పలకకపోయినా అర్థమైంది. “సరే, నన్ను మళ్లీ ఎప్పటిలా పడుకోబెట్టండి” అన్నారు.

సభ ఆయన లేకుండానే జరిగింది. తమ్ముడు ఆసుపత్రిలో చేర్పించాడు, పరుగులు పెట్టాడు, ఆ మాట నిజం చెప్పాలి. అప్పటికే విషం రక్తంలోకి పాకిందన్నారు. జ్వరంలో ఆయన ఎవరెవరి పేర్లో పిలిచేవారు. నన్ను కూడా పిలిచారు. నేను పలికితే, “కాదు, ఇది ఆవిడ గొంతు కాదు” అన్నారు. ఏడ్చి ఏడ్చి నా గొంతు అలా అయిపోయింది. ఆ తర్వాత ఆయన నాతో ఏమీ మాట్లాడలేదు.

ఇంటికి తెచ్చిన రోజు రెండు వర్గాలవాళ్లూ వచ్చారు. మంత్రిగారూ వచ్చారు, మాజీమంత్రి అనాలేమో. గుమ్మంలో చోటు లేదు. పాడె ఎత్తే వేళకు నువ్వా నేనా అని పోటీపడ్డారు. అన్ని చేతులు మా ఇంట్లో నేను ఎప్పుడూ చూడలేదు. ఒక్క ఊపున, గుడ్డముక్కను లేపినట్టు లేపారు. అంత తేలిక ఆ పని.

“వీపు దగ్గర చూసుకోండి, పుండుంది” అన్నాను.

వాళ్లు అప్పటికే గుమ్మం దాటారు.