దిగనన్న పిల్ల

బస్సు వెనక్కి మళ్లేటప్పుడు ఈల ఊది డ్రైవరుకు దారి చెబుతుందని, బడిపిల్లలు ఆవిడకు ఈలమ్మ అని పేరు పెట్టారు. అంతకు ముందు చాలా ఏళ్లు ఒక రెడీమేడ్ బట్టల కంపెనీలో కాజాలు కుట్టేది. చూపు మందగించి సూదిలోకి దారం ఎక్కడం మానేశాక, పక్కింటావిడ సలహా మీద బడి బస్సులో ఈ ఆయా పనిలో చేరింది. పిల్లల్ని ఎక్కించడం, దించడం, వాంతి చేసుకుంటే తుడవడం, కిటికీ సీటు కోసం జుట్లు పట్టుకునేవాళ్లను విడదీయడం. పెద్ద చదువేమీ అక్కర్లేని పని అనుకుంది.

ఆవిడ పక్క సీట్లో మూడో తరగతి పిల్ల ఒకతె కూర్చునేది. ఒట్టి వసపిట్ట. వాళ్ల క్లాసులో ఎవరికి పన్ను ఊడిందో, ఎవరు ఎవరితో జట్టు విడిచి పచ్చి కొట్టారో అంతా బస్సులోనే చెప్పేసేది. ఉన్నట్టుండి ఆ పిల్ల నోరు మూతపడింది. తర్వాత కొన్నాళ్లకు, తన స్టాపు వస్తే దిగనని మొండికేయడం మొదలుపెట్టింది.

"నన్ను ఆఖర్న దించు ఈలమ్మా."

"నీ స్టాపు ఇదే కదా తల్లీ. అదిగో, మీ బాబాయి వచ్చాడు."

పిల్ల తల్లీ తండ్రీ ఇద్దరూ ఉద్యోగస్తులు. తండ్రి తమ్ముడే రోజూ స్కూటరు మీద వచ్చి తీసుకెళ్తాడు. పిల్లను అప్పగించాలంటే బడి ఇచ్చిన కార్డు చూపించాలి. అతని దగ్గర కార్డు ఉంది, అందులో ఫొటో కూడా ఉంది. ఈలమ్మ పిల్లను దించేసింది గానీ, ఇంటికి వెళ్లాక కూడా మనసు కుదుటపడలేదు. మొగుడితో చెబితే, పిల్లలన్నాక మారాం చెయ్యరా అని నవ్వేశాడు. నిజమే. తన కొడుకు కూడా చిన్నప్పుడు బడి అనగానే మంచం కింద దూరేవాడు. అది ఒట్టి బద్ధకం. మరి ఇదేమిటి?

మర్నాటి నుంచి ఆ బాబాయిని పరీక్షగా చూడసాగింది. అతను నవ్వితే, ఎందుకంత నవ్వుతున్నాడు అనిపించేది. నవ్వకపోతే, ముఖం అలా పెట్టాడేమిటి అనిపించేది. పిల్లను చంకల కింద చేతులు వేసి ఎత్తి స్కూటరు మీద కూర్చోబెట్టేవాడు. అది తప్పా? బాబాయిలందరూ అలాగే ఎత్తుకుంటారు కదా. చూసేకొద్దీ ఆవిడకు అతను మంచివాడూ అనిపించాడు, చెడ్డవాడూ అనిపించాడు.

ఒకరోజు స్టాపులో బస్సు ఆగగానే పిల్ల ఈలమ్మ కొంగు పిడికిట బిగించి పట్టుకుంది. భయానికి గౌను తడిపేసుకుంది. డ్రైవరు హారను కొడుతున్నాడు. బాబాయి కార్డు చూపిస్తూ మెట్టు దగ్గరికి వచ్చాడు. ఈలమ్మకు ఏం చెయ్యాలో పాలుపోలేదు. రూలు ప్రకారం అప్పగించాలి. చెయ్యి మాత్రం పిల్ల భుజం వదల్లేదు.

"ఇవాళ బడికొచ్చి తీసుకెళ్లండి బాబూ," అనేసింది. ఎందుకని అతను అడుగుతుండగానే, బస్సు పోనిమ్మని డ్రైవరుకు చెప్పింది. మిగతా పిల్లల్ని దించేసి బడికి తిరిగి వెళ్తుంటే, నీ ఉద్యోగం ఊడింది అక్కా, అని డ్రైవరు జాలిపడ్డాడు.

ప్రిన్సిపాల్ మేడమ్ తిట్టలేదు, మెచ్చుకోనూ లేదు. చూసిందేమిటో, విన్నదేమిటో, అనుకున్నదేమిటో విడివిడిగా చెప్పమంది. చెప్పడం మొదలుపెట్టాకే ఈలమ్మకు తెలిసింది, తను చూసింది పిసరంత, అనుకున్నది కొండంత అని. మేడమ్ పిల్ల తల్లికి ఫోను చేసింది. పిల్లకు పొడి బట్టలు తొడిగించి కౌన్సెలర్ దగ్గర కూర్చోబెట్టారు.

వరండాలో బెంచీకి ఆ చివర బాబాయి, ఈ చివర ఈలమ్మ. అతని ఒళ్లో హెల్మెట్ ఉంది.

"నా మీదేనా మీ అనుమానం?" అని అడిగాడు.

అవునంటే పాపం, కాదంటే అబద్ధం. "నాకు తెలీదు బాబూ. పిల్ల దిగనంటోంది. నాకు తెలిసింది అంతే."

"అది పుట్టినప్పట్నించి నా చేతుల్లో పెరిగిందండీ," అని తల వంచుకున్నాడు.

తల్లి వచ్చాక కౌన్సెలర్ అందరినీ లోపలికి పిలిచి సంగతి చెప్పింది. పిల్ల భయం బాబాయి గురించి కాదు. అతను స్టాపు నుంచి నేరుగా ట్యూషనుకు తీసుకెళ్లి, గేటు దగ్గర దించి వచ్చేస్తాడు. లెక్క తప్పిన పిల్లల్ని ట్యూషను మాస్టారు స్టోరు రూములో పెట్టి, లైటు తీసేసి గడియ వేస్తాడు. ఇంట్లో చెబితే రాత్రంతా అక్కడే ఉంచుతానని బెదిరించాడు. తల్లి పిల్లను గుండెలకు హత్తుకుంది. ఆ ట్యూషను వెతికి పెట్టింది బాబాయే. వెళ్లనని పిల్ల ఏడిస్తే గారం ఎక్కువైందని గేటు లోపలికి నెట్టిందీ అతనే. గోడకు ఆనుకుని అలా నిలబడిపోయాడు.

మేడమూ తల్లీ కలిసి ఫిర్యాదు చేశారు. ఇంకొందరు పిల్లలు కూడా నోరు విప్పారు. ట్యూషను మూతపడింది, మాస్టారి మీద కేసు నడుస్తోంది. వసపిట్ట మళ్లీ మాట్లాడుతోంది, అయితే మునుపటంత కాదు.

ఈలమ్మ ఉద్యోగానికి ఏమీ కాలేదు. కానీ అమాయకుణ్ణి అనుమానించానన్న బాధ పట్టుకుంది. క్షమించమని అడుగుదామంటే, దేనికని అడగాలి? పిల్లను ఆపినందుకా? ఆపకపోయి ఉంటే? మేడమ్‌ను అడిగితే, భయపడుతోందని చెప్పడం వరకే మీ పని, ఎవరివల్లో కనుక్కోవడం మా పని అంది. వింటున్నప్పుడు సబబుగానే ఉంది. స్టాపులో అతని ముఖం చూడగానే మళ్లీ మొదటికొచ్చేది. అడక్కముందే కార్డు పైకెత్తి చూపించి, ఎటో చూస్తూ నిలబడేవాడు.

ఒకనాడు పిల్లను స్కూటరు ఎక్కించి, మొదటిసారి ఆవిడ వైపు తిరిగాడు.

"మళ్లీ ఎప్పుడైనా దిగనంటే నాకివ్వకండి," అన్నాడు.

కోపంతో అన్నాడో, మనస్ఫూర్తిగా అన్నాడో ఈలమ్మకు అంతుపట్టలేదు. అలాగే బాబూ, అంది. అతను వెళ్లిపోయాడు. ఏమన్నాడు అక్కా, అని డ్రైవరు అడిగితే, నాకూ సరిగ్గా తెలీలేదు తమ్ముడూ, అని ఆవిడ తలుపు వేసింది.