మొసలి తినని వేలు

మొన్న ఎల్లారెడ్డిల ఆధార్ కొత్తగ చేయించుకుందామని పోతే, మిషన్ ముందర కూసున్న పిల్ల "పది వేళ్లు పెట్టు అంకుల్" అన్నది. "తొమ్మిదిన్నరే ఉన్నయి బిడ్డా" అన్న. ఆమె ఇంకో మాట అడగకముందే వెనుక వరుసల నుంచి ఎవరో అందుకున్నడు: "మిగిలిన సగం నిజాంసాగర్ మొసలి తిన్నదమ్మా!" నాకు ప్రాణం లేచొచ్చింది. నా కథ నాకంటె గట్టిగ బతుకుతున్నది!

అసలు సంగతి చెప్త. అప్పట్ల నేను కామారెడ్డిల ఒక రైసుమిల్లుల పనిచేస్తుంటి. ఎల్లారెడ్డి నుంచి పొద్దున బస్సుకు పోవుడు, మాపటికి వచ్చుడు. ఒకనాడు తిరుగుతున్న బెల్టు కాడ అంటిన తవుడు దులుపుతుంటె కుడిచేతి ఉంగరం వేలు దాని కింద పడ్డది. అక్కడ ఊడ్చే ఒక అక్క ఉరికొచ్చి మోటరు బంద్ చేసింది కాబట్టి సగంతోటే పోయింది. లేకుంటె నేను బియ్యంల కలిసి ఏ రేషన్ దుకాణానికో చేరేటోణ్ని. సేటు దవాఖానకు తోలి, కట్టు కట్టించి, "ఇంట్ల మనిషివి, నీకు నాకు నడుమ కాయితాలెందుకు?" అన్నడు. తల ఊపిన.

ఎల్లారెడ్డిల బస్సు దిగంగనే చాయ్ హోటల్ దోస్తులు చుట్టుముట్టిన్రు. బెల్టుల పడ్డదని చెప్పనీకె నామోషి అనిపించింది. బెల్టు ఒక కథనా? మొసలి అన్న! మొదటిరోజు అది మూరెడు పిల్ల. వారం తిరిగేసరికి లారీ అంత అయింది. పదోరోజుకు నేను దాని దవడలు రెండు చేతులతోటి చీల్చి బయటపడ్డ. వినేటోళ్ల కండ్లు చూస్తుంటె నొప్పి యాదికే రాకపోతుండె.

బీడీలు చుట్టే నా భార్య మాత్రం ఒక్క ముక్క నమ్మలె. పీఎఫ్ కోసం తిరిగి తిరిగి ఆమెకు ఆఫీసులన్ని తెలుసు.

"ఏందయ్యా, మొసలి ఇస్తదా నీకు పరిహారం? లేబర్ ఆఫీసుల దరఖాస్తు పెట్టు."

"సేటు ఏమనుకుంటడో."

"ఆయన వేళ్లు పదీ ఉన్నయి గద, ఏమన్న అనుకోనియ్."

పెట్టాల్నా వద్దా అని రెండు వారాలు ఊగులాడిన. నౌకరి పోతదని భయం సగం, మొసలి పోతదని బాధ సగం.

కట్టు విప్పినంక పనికి పోయిన. బెల్టు ఎట్లున్నది గట్లనే ఉన్నది. మూత లేదు, అడ్డం ఇనుప జాలి లేదు. దాని కిందనే ఆ అక్క నడుం వంచి ఊడుస్తున్నది. చీర కొంగు బెల్టుకు బెత్తెడు దూరంల ఊగుతున్నది. ఆ పూటనే దరఖాస్తు రాపిచ్చిన.

మిల్లోళ్లు తక్కువ తిన్నరా? "అది మా దగ్గర తెగలేదు, మొసలి కొరికింది, ఎల్లారెడ్డి అంత సాక్ష్యం" అని రాసిచ్చిన్రు! నేను చాయ్ హోటల్ దోస్తులు ఇద్దర్ని బతిమాలిన: "వచ్చి, వీడు కోతలు కోసిండని చెప్పుండ్రి, గంతే." సరే అన్నరు. అక్కను మాత్రం సాక్షికి పిలవలె, ఆమె పనికి ఎసరొస్తదని.

విచారణ నాడు ఆఫీసరు అడిగిండు. మొదటి దోస్తు లేచి ఛాతీ విరుచుకున్నడు. "కోతలు కాదు సార్, నిజమే. దాని తోక పట్టి గుంజింది నేనే!" రెండోవాడు ఊకుంటడా? "కట్టె అందిచ్చింది నేను సార్!" వారాలకు వారాలు ఆ కథ చెప్పి చెప్పి ఇద్దరు అందులకు దిగిపోయిన్రు, ఇంక ఎక్కి రానీకె మనసొప్పుతలేదు. నాకు నవ్వాల్నో మొత్తుకోవాల్నో తెలువలె.

అప్పుడు నా భార్య వెనుక నుంచి అక్క ముందటికొచ్చింది. విచారణ తారీఖు సంగతి నా భార్యనే ఆమె చెవుల వేసిందట.

"మోటరు బంద్ చేసింది నేను సార్. తమ్మి చేతికంటిన తవుడు, నెత్తురు కడిగింది నేను." దోస్తుల దిక్కు తిరిగింది. "మొసలి తవుడు తింటదా బిడ్డా?"

ఇద్దరు తలలు వంచిన్రు. ఆఫీసరు నవ్వు ఆపుకుంట రాసుకున్నడు.

బయటికొచ్చినంక "అక్కా, నీ పని పోతది గద" అన్న. "పోతె పోనీ తమ్మీ. చేతులుంటె ఇంకో చీపురు దొరుకుతది" అన్నది.

నాకు పరిహారం వచ్చింది, బెల్టుకు ఇనుప జాలి వచ్చింది, అక్క వేరే మిల్లుకు మారింది. ఆఫీసుల ఆమె మాట్లాడింది నిమిషం గూడ కాదు. తర్వాత గడిచిన ఏండ్లన్ని ఒకదాంట్ల ఒకటి కలిసిపోయినయి గని, ఆ నిమిషం మాత్రం ఇంకా విడిగనే నిలబడి ఉన్నది.