గుడ్ ఫ్రైడే పాట ఎవరెత్తాలి

మా చర్చిలో హార్మోనియం ఉండేది కాదు. పాట ఎత్తేవాడి గొంతే అందరికీ శ్రుతి. ఆయన మొదటి పాదం పాడితే మేమంతా అందుకునేవాళ్ళం. పోర్టు వర్క్‌షాపులో పనిచేసే మాస్టారు ఏళ్ళ తరబడి ఆ పని చేశారు. గొంతు బొంగురుపోతోందని తెలిశాక నన్ను పిలిచారు. అప్పటికి నేను సీతమ్మధారలో ఒక క్లినిక్‌లో నర్సుని.

డ్యూటీ దిగి, మందుల వాసనతోనే వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. ఆయన పాడాలి, నేను విని పాడాలి. పాటల పుస్తకం ముట్టుకోనిచ్చేవారు కాదు.

“పల్లవి కాదమ్మా, సరణం సూసుకోవాల. పైకెళ్ళే కాడ ఎనకబెంచీ ముసలమ్మకి కూడా అందాల. అందకపోతే తప్పు నీదే, ఆవిడది కాదు. గుడ్ ఫ్రైడే పాట నా తరవాత నువ్వే ఎత్తాల,” అనేవారు.

ఆ మాట పట్టుకుని, పై ఊరి సంబంధం వస్తే నేను ససేమిరా అన్నాను. మా అమ్మ నెత్తీనోరూ కొట్టుకుంది.

ఇంతలో మాస్టారి అల్లుడికి స్టీలు ప్లాంటులో ఉద్యోగం వచ్చి ఇక్కడే కాపురం పెట్టాడు. “ఆడికీ కాస్త సెప్పమ్మా, నా గొంతు లెగట్లేదు,” అన్నారు మాస్టారు. సంతోషంగానే నేర్పాను. గొంతు బాగుంది గానీ, ఎంత చెప్పినా పల్లవి ఘనంగా ఎత్తాలనే యావ తప్ప చరణం సంగతి పట్టేది కాదు.

గుడ్ ఫ్రైడే నాడు తెల్లచీర కట్టుకుని ముందు బెంచీలో కూర్చున్నాను. మాస్టారు లేచి, నా వైపు చూడకుండా, “ఇకమీదట పాట మా అల్లుడెత్తుతాడు,” అన్నారు. నా చేతే నేర్పించుకుని నన్నే పక్కకి నెట్టేశారు!

అల్లుడు పై శ్రుతిలో ఎత్తాడు. చరణం వచ్చేసరికి ఒక్కో గొంతూ ఆగిపోయింది, చివరికి అతనిదీ ఆగింది. వెనకబెంచీ ముసలమ్మలు నా వంక చూశారు. వాళ్ళ కోసం శ్రుతి తగ్గించి నేను అందుకున్నాను. చర్చి అంతా నా వెనకే వచ్చింది.

బయట మాస్టారు నవ్వుతూ నా తల మీద చెయ్యి పెట్టారు. “బతికించావమ్మా! ఇలాగే కూకుని, ఆడు తప్పినప్పుడల్లా అందుకో.”

నేను తల పక్కకి తీసుకున్నాను. “మరి నాతో అన్న మాట ఏటి మాస్టారూ?”

“ఆడపిల్లవి, నిన్ను ముందర నిలబెడితే పెద్దలు ఒప్పుకుంటారేటి? మగోడు దొరికీదాకా పాట నీ కాడ దాసినానమ్మా.”

ఆయన అది మెచ్చుకోలుగానే అన్నారు.